మూడో బిడ్డ మాట తర్వాత, ముందు మా ఆసుపత్రి బిల్లులు చూడండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారికి, ఆరోగ్య శాఖ మంత్రి గారికి, శాసనసభలో ఉన్న ఎమ్మెల్యేలందరికీ,

నమస్కారమండి. బాపట్ల జిల్లా నుంచి రాస్తున్నాను. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని, వయసు 39. ఒక్కతే కూతురు, ఆరో తరగతి చదువుతోంది. కొంతకాలంగా ఏ సభ జరిగినా జనాభా తగ్గిపోతోందని, ఎక్కువమంది పిల్లల్ని కనాలని మీరు చెబుతున్నారు. 2024 నవంబరులో, ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన తీసేశారు. మంచి పని చేశారు. ముప్పై ఏళ్ళ పాటు ఆ నిబంధన ఎంతమంది ఆడవాళ్ళని ఇబ్బంది పెట్టిందో ఊళ్ళల్లో వాళ్ళకి తెలుసు. ఆ తర్వాత మూడో బిడ్డ ఆడపిల్లయితే డబ్బులు, మగబిడ్డయితే ఆవు ఇస్తానని మీ పార్టీ ఎంపీ ఒకరు ప్రకటించారు. అది విన్నాక నాకు కోపం రాలేదు గానీ చాలా బాధేసింది. మేము ఎందుకు ఒక్కరితో ఆగిపోయామో ఎవరూ అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా నాయనమ్మ ఏడుగురిని కన్నది. మిగిలింది నలుగురు. ఒకరు పుట్టిన వారానికే పోయారు, ఒకరు తట్టు వచ్చి, ఒకరు వాంతులు విరేచనాలతో. ఎందుకే అంతమందిని కన్నావని చిన్నప్పుడు అడిగితే, "ఎవరు నిలుస్తారో ముందే తెలుస్తుందా అమ్మా" అన్నది. ఆ మాట నేను బీఎస్సీలో చదివిన ఏ పాఠం కన్నా బాగా గుర్తుంది. ఆవిడకి పిల్లలంటే పిచ్చి ఉండో, తెలివి లేకో కనలేదు. ఉన్నవాళ్ళలో సగం మంది పోతారేమోనన్న భయంతో కన్నది.

మా అమ్మ కాలానికి టీకాలు వచ్చాయి, ఉప్పు చక్కెర నీళ్ళు కలిపి పట్టడం నేర్పడానికి నర్సమ్మ ఇంటికే వచ్చేది. పిల్లలు నిలుస్తారన్న నమ్మకం కుదిరింది. అప్పుడే గోడల మీద ఎర్ర త్రికోణం, "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు". నేను, తమ్ముడు పుట్టాక 1988లో అమ్మ క్యాంపుకెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. అప్పటికి తన వయసు 22. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు కదా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 1992-93లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు, అప్పుడు పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 70 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2019-21 సర్వే వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల సంఖ్య 1.7కి దిగింది, శిశు మరణాలు 30కి. ఈ రెండూ చేయి చేయి పట్టుకుని దిగాయి. 1997లో రాష్ట్రానికి ప్రత్యేకంగా జనాభా విధానం తెచ్చింది కూడా మీ ప్రభుత్వమే, కాబట్టి ఇదంతా మీకు నేను చెప్పక్కర్లేదు.

దాని ఫలితం మా ఇంట్లోనే చూశాను. అమ్మ పొగాకు గ్రేడింగుకి వెళ్ళేది, నాన్న కౌలుకి చేసేవాడు. మేమిద్దరమే కాబట్టి అమ్మ పనికెళ్ళగలిగింది, ఇద్దరమే కాబట్టి ఇద్దరినీ చదివించగలిగారు. నేను బీఈడీ చేశాను, తమ్ముడు ఇంజనీరింగ్ చేశాడు, మధ్యలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి ఆదుకుంది. అదే నాయనమ్మ ఇంట్లో అయితే నలుగురిలో ఒక్కరు కూడా పదో తరగతి దాటలేదు. ఇంట్లో తినేవాళ్ళు తక్కువ, సంపాదించేవాళ్ళు ఎక్కువ అయిన ఆ ఇరవై ముప్పై ఏళ్ళ కాలాన్ని ఆర్థికవేత్తలు జనాభా లాభం అంటారు. 1965 నుంచి 1990 దాకా కొరియా, తైవాన్ లాంటి తూర్పు ఆసియా దేశాలు అంత వేగంగా ఎదగడంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా దీని వాటాయే అని లెక్కగట్టినవాళ్ళున్నారు. మన దగ్గర కూడా ఊరూరా వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీలు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్, అమెరికా వెళ్ళిన పిల్లలు, ఇవన్నీ ఇద్దరు పిల్లలున్న ఇళ్ళలోంచే ఎక్కువగా వచ్చాయని నాకనిపిస్తుంది. పొలం అమ్మి ఒకరిని చదివించవచ్చు, ఇద్దరిని చదివించవచ్చు, ఐదుగురిని ఎలా చదివిస్తాం?

అయితే ఆ లాభమంతా ఎక్కడికి పోయిందో కూడా చెబుతాను.

2018లో నాన్నకి పక్షవాతం వచ్చింది. 58 ఏళ్ళు. అంతకుముందు బీపీ ఉందని తెలియదు, ఎవరూ చూడలేదు, మాకూ చూపించాలని తోచలేదు. తలనొప్పి అంటే ఆర్ఎంపీ దగ్గర మాత్ర వేసుకునేవాడు. రాత్రి పదకొండింటికి మాట పడిపోయింది, కుడి చెయ్యి లేవలేదు. 108లో వెళ్ళాం. దగ్గర్లో దొరికిన ఆసుపత్రి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం నెట్‌వర్క్‌లో లేదు, ఆ టెన్షన్‌లో కార్డు గురించి అడిగే ఓపిక ఎవరికీ లేదు. పంతొమ్మిది రోజులు, అందులో పదకొండు రోజులు ఐసీయూ. తర్వాత ఏడాది పాటు ఫిజియోథెరపీ. అంతా కలిపి ఆరు లక్షల పైచిలుకు అయింది. నాన్న ముప్పై ఏళ్ళు కష్టపడి కొనుక్కున్న అరెకరం అమ్మేశాం. నా గాజులు బ్యాంకులో పెట్టాం. నేనూ మా ఆయనా రెండో కాన్పు కోసం అని విడిగా దాచుకున్న రెండు లక్షల ఎఫ్‌డీ కూడా తీసేశాం. అమ్మ పని మానేసి ఆయన్ని చూసుకుంటూ కూర్చుంది. అంటే ఆ ఇంట్లో ఒకేసారి ఇద్దరి సంపాదన ఆగిపోయింది.

రెండో బిడ్డ వద్దని నేనూ మా ఆయనా ఎప్పుడూ అనుకోలేదండి. వచ్చే ఏడాది చూద్దాం, అప్పు తీరాక చూద్దాం అనుకుంటూ వాయిదా వేశాం. అప్పు తీరేసరికి నాకు 36 వచ్చేసింది. మీ లెక్కల్లో 1.7 అని కనిపించే అంకెలో మా ఇంట్లో పుట్టని ఆ బిడ్డ కూడా ఉంది. రోజుకి రెండు మూడు రూపాయల మాత్ర సరైన టైములో ఎవరైనా ఇచ్చుంటే పుట్టి ఉండేదేమో.

అందుకే ఆరోగ్యం మీద ఖర్చును సంక్షేమం ఖాతాలో రాసేసి, రోడ్లను, పోర్టులను మాత్రం అభివృద్ధి ఖాతాలో రాయడం చూస్తే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. నాన్నకి బీపీ మాత్ర అందుంటే మా ఇంట్లో అరెకరం పొలం, ఇద్దరి సంపాదన, ఇంకో బిడ్డ మిగిలేవి, అవన్నీ రాష్ట్రం ఆదాయంలో భాగమే కదా. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు 2006లో మన ఉమ్మడి రాష్ట్రంలోని 36 ఊళ్ళ మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. పాతికేళ్ళలో అక్కడ నూటికి 14 కుటుంబాలు పేదరికంలోంచి బయటపడితే, అదే కాలంలో 12 కుటుంబాలు కొత్తగా పేదరికంలోకి పడిపోయాయి. పడిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో అనారోగ్యం, దాని ఖర్చు ముందున్నాయి. ఎంత నీళ్ళు పోసినా కింద చిల్లున్న బిందెలా ఉంది మన అభివృద్ధి, ఆ చిల్లు ఆసుపత్రి దగ్గరే ఉంది. కిడ్నీ జబ్బులతో నలిగిపోతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి వేరే చెప్పాలా? నడివయసులో, ఇంటికి ఆధారమైన మనిషికి కిడ్నీలు పోతే ఆ ఇంట్లో డయాలసిస్ రోజులు తప్ప పని రోజులు మిగలవు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, దానికి ఎన్నేళ్ళు పట్టిందో ఆ పల్లెల వాళ్ళని అడగండి.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు నిజంగా చాలామంది ప్రాణాలు నిలిచాయి, మా బంధువుల్లోనే గుండె ఆపరేషన్ అయిన పిల్లాడున్నాడు, దాన్ని నేను తక్కువ చేయను. ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారినా అది ఉండాల్సిందే. కానీ అది పడిపోయిన తర్వాత లేపే పథకం. పడకుండా చూసే ఖర్చు, అంటే ప్రతి నెలా బీపీ, షుగర్ మాత్రలు, రక్త పరీక్షలు, డాక్టరు ఫీజు, ఇవన్నీ ఎక్కువ ఇళ్ళలో ఇప్పటికీ జేబులోంచే పోతున్నాయి. దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో నూటికి 64 రూపాయలుండేది, 2021-22కి 39కి తగ్గింది. తగ్గడం సంతోషమే. అయినా వందలో 39 అంటే మామూలు ఇంటికి అది పొలమో, బంగారమో. జాతీయ ఆరోగ్య విధానం 2017లో వచ్చినప్పుడు 2025 కల్లా ప్రభుత్వాల ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలని, రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని రాసుకున్నారు. 2021-22 లెక్కల్లో దేశం 1.84 శాతం దగ్గరుంది. పైగా ఏ ప్రభుత్వం ఉన్నా సరే, బకాయిలు కట్టలేదని ఆసుపత్రులు కార్డు మీద వైద్యం ఆపేస్తామనడం, రోగులు గేటు దగ్గర నిలబడి ఫోన్లు చేసుకోవడం మాకు అలవాటైపోయింది. ఇది అలవాటు కాకూడదు.

ఇక కాన్పుల సంగతి. 2014లో నా కూతురు పుట్టినప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకున్నాం. తొమ్మిదో నెల దాకా అంతా బాగుందన్నారు, చివరి రోజు సాయంత్రం ఉమ్మనీరు తగ్గిందని, గంటలో పెద్దాపరేషన్ చెయ్యకపోతే ప్రమాదమని సంతకం పెట్టించుకున్నారు. నిజంగా అవసరమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, ఆ గంటలో ఎవరం ప్రశ్న అడగగలం? అరవై అయిదు వేలయింది. మళ్ళీ నార్మల్ కావడం కష్టమని అక్కడే చెప్పేశారు, అంటే రెండో కాన్పు అనగానే ఇంకో పెద్దాపరేషన్ బిల్లు కళ్ళ ముందుంటుంది. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 63. తెలంగాణలో మొత్తం మీదే 60 దాటింది. సర్కారు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో గైనిక్ డాక్టరు, మత్తు డాక్టరు ఉంటారన్న నమ్మకం ఉంటే మాలాంటివాళ్ళం అప్పు చేసి ప్రైవేటుకి ఎందుకు పోతాం?

ఇంకొక విషయం, దీని గురించి సభల్లో ఎవరూ మాట్లాడరు. అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. దేశంలోనే ఇంత ఎక్కువ మనదే. మగవాళ్ళ ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. పల్లెల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళి, ఇరవైకి ఇద్దరు పిల్లలు, ఇరవై మూడుకి ఆపరేషన్. ఇప్పటికీ 20 నుంచి 24 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది లోపే పెళ్ళయిందని ఆ సర్వేనే చెప్తోంది. మీరు ఇప్పుడు మైకులో మూడో బిడ్డ అంటుంటే ఆ సభలో ముందు వరసలో కూర్చున్న డ్వాక్రా అక్కాచెల్లెళ్ళలో చాలామందికి అది సాధ్యం కాదు, ఎప్పుడో వాళ్ళ పాతికేళ్ళ లోపే ప్రభుత్వమే ఆ తలుపు మూసింది. అప్పుడు వాళ్ళని సరిగ్గా అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు. కాన్పు అయిన మంచం మీదే ఆపరేషన్ మాట ఎత్తకుండా, కాపర్ టీ, ఇంజక్షన్లు, మాత్రలు, భర్తకి చేసే చిన్న ఆపరేషన్, ఇవన్నీ విడమరిచి చెప్పి, తనకి నచ్చినప్పుడు నచ్చింది ఎంచుకోనిస్తే చాలు. ఎంతమందిని కనాలన్నది ఆ ఇంట్లో వాళ్ళు తేల్చుకుంటారు.

డబ్బులిస్తే పుడతారా అంటే కొరియాని చూడండి. 2006 నుంచి అక్కడి ప్రభుత్వం లెక్కలేనంత సొమ్ము పెట్టింది, అయినా 2023లో ఒక స్త్రీకి సగటున 0.72 మంది పిల్లలు. చైనా ఒక్కరే అన్నది, తర్వాత 2016లో ఇద్దరన్నది, 2021లో ముగ్గురన్నది, మరుసటి ఏడాదే జనాభా తగ్గడం మొదలైంది. వద్దన్నప్పుడు విన్నంత తేలిగ్గా కనమన్నప్పుడు జనం వినరు, ఎందుకంటే ఈలోపు పెంపకం ఖర్చు మారిపోతుంది. ఎల్‌కేజీ ఫీజు, ట్యూషన్, ఇంటి అద్దె, పిల్లకి జ్వరం వస్తే ఒక్కసారికి డాక్టరు, టెస్టులు, మందులు కలిపి రెండు వేలు. చదువుకునే ప్రతి బిడ్డకీ తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో పదమూడు వేలు వేస్తున్నారు, అది మేలే. కానీ ఆ పదమూడు వేలు ఒక్క డెంగీ జ్వరంతో సరి.

పిల్లల సంఖ్య పెరిగితే చాలు ఎదుగుదల వస్తుందన్నమాట కూడా నేను ఒప్పుకోలేను. బీహార్‌లో 2019-21 సర్వేలో ఒక స్త్రీకి సగటున 3 మంది పిల్లలు. అక్కడి పిల్లలు పని కోసం మన ఊళ్ళకి వస్తున్నారు. మిర్చి కోతలకి, రొయ్యల షెడ్లకి, అపార్ట్‌మెంట్ల పనులకి బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళని రోజూ చూస్తున్నాం. ఇంటికి దూరంగా, రేకుల షెడ్డులో, ఆరోగ్యం పాడైతే చూసే దిక్కు లేకుండా బతుకుతున్నారు పాపం. మనుషులుంటే సరిపోదు, వాళ్ళ ఒంట్లో రక్తం ఉండాలి, చదువుండాలి. రక్తం అంటే గుర్తొచ్చింది, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. మా స్కూల్లో ప్రార్థన టైములో కళ్ళు తిరిగి పడిపోయే ఆడపిల్లలు వారానికి ఒకరైనా ఉంటారు. ఆ పిల్ల ఆ రోజు నేను చెప్పిన లెక్కలు ఏం వింటుంది? రేపు పనికెళ్తే ఎంత పని చేయగలుగుతుంది? ఆ పిల్లకే రేపు కాన్పు కష్టమవుతుంది, బిడ్డ బరువు తక్కువ పుడుతుంది. ఉన్న పిల్లలు గట్టిగా ఉంటే వచ్చే లాభం, లేని పిల్లల కోసం ఎదురుచూస్తే రాదు.

మీ భయం నాకు అర్థం కాకపోలేదు. 2021లో మన రాష్ట్రంలో అరవై దాటినవాళ్ళు నూటికి 12 మంది ఉంటే 2031కి 16 దాటుతారని కేంద్రం అంచనా. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా మీద ఆగి ఉంది, అది మారితే దక్షిణాదికి నష్టమన్న ఆందోళన న్యాయమైనది. కుటుంబ నియంత్రణ పాటించినందుకు శిక్ష పడకూడదని ఢిల్లీలో గట్టిగా కొట్లాడండి, మేమంతా వెనకుంటాం. కానీ ఈ రోజు పుట్టిన బిడ్డ పనిలోకి రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది, ముసలివాళ్ళు మాత్రం ఇప్పుడే ఉన్నారు. మా వీధిలో పదకొండు ఇళ్ళుంటే నాలుగింట్లో పెద్దవాళ్ళు మాత్రమే ఉంటున్నారు. పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో. డబ్బు పంపిస్తారు, వీడియో కాల్ చేస్తారు, కానీ రాత్రి ఛాతీలో నొప్పొస్తే ఆటో పిలిచేది పక్కింటివాళ్ళే. వాళ్ళు మంచాన పడకుండా డెబ్భై ఏళ్ళ దాకా తమ పని తాము చేసుకోగలిగితే వాళ్ళ కోడళ్ళు, కూతుళ్ళు ఉద్యోగం మానక్కర్లేదు. మా అమ్మలా.

నేను అడిగేవి పెద్దవేం కాదు. ఊళ్ళో విలేజ్ క్లినిక్ బిల్డింగు ఉంది, సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు) ఉన్నారు, ఆశా అక్క ఉంది. కానీ మాత్రలు పది రోజులుంటాయి, ఇరవై రోజులుండవు. ముప్పై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ చూసి, ఎక్కువైతే మందు పన్నెండు నెలలూ ఆగకుండా ఇవ్వండి. మండలానికి దగ్గర్లో రాత్రి కూడా కాన్పు చేయగలిగే సర్కారు ఆసుపత్రి ఒకటుండేలా చూడండి, అక్కడ రక్తం నిల్వ ఉండాలి. అంగన్‌వాడీని సాయంత్రం ఆరు దాకా నడపండి, పనికెళ్ళే తల్లికి మీరిచ్చే ఏ ప్రోత్సాహకం కన్నా అదే ఎక్కువ, ఆ టీచర్లకీ ఆయాలకీ దానికి తగిన జీతం పెంచి నడపండి. పాతికేళ్ళ అమ్మాయి రెండో బిడ్డ గురించి ఆలోచించేటప్పుడు ఆసుపత్రి ఖర్చు, ఉద్యోగం పోతుందన్న భయం, ఈ రెండూ అడ్డు రాకపోతే, కావాలనుకున్నవాళ్ళు కంటారు. వద్దనుకున్నవాళ్ళు కనరు, వాళ్ళ జోలికి వెళ్ళొద్దు.

వచ్చే బడ్జెట్ రోజున టీవీ ముందు కూర్చుంటాను. ఎన్ని వేల కోట్లు కేటాయించారో ఎలాగూ చదువుతారు. దాంతో పాటు ఒక్క అంకె చదవండి: పోయిన ఏడాది పన్నెండు నెలల్లో ఒక్క రోజు కూడా బీపీ మాత్ర లేదు అనిపించుకోని ఊళ్ళు రాష్ట్రంలో ఎన్ని? మా ఊరు అందులో ఉందో లేదో నేను చూసి చెప్తాను. నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నాడు, ఆయన మాత్రలు ఈ నెల కూడా మెడికల్ షాపులోనే కొన్నాం.

ఇట్లు,
బాపట్ల జిల్లా నుంచి ఒక లెక్కల టీచర్